సుత్తి దెబ్బలు తిన్న ఇనుము ఎందుకు ఎక్కువ కాలం బతుకుతుంది?

- ఒక పూర్వ విద్యార్థి (మెకానికల్ డిప్లొమా)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, నాకు కథలూ కవితలూ రాయడం చేతకాదని చెప్పాను. "నువ్వు రోజూ చేసే పని గురించే రాయి, మన పిల్లలకు పనికొస్తుంది" అన్నారాయన. నేను పూణే దగ్గర లారీలకు, బస్సులకు కమాను పట్టీలు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. నేను చేసే పనిని షాట్ పీనింగ్ అంటారు. అంటే సన్నటి ఉక్కు గుండ్లతో కమాను పట్టీని లక్షల సార్లు కొట్టడం. కొడితే వస్తువు పాడవుతుంది కదా, గట్టిపడటం ఏమిటి అని మీరు అడగవచ్చు. మొదటిరోజు నేనూ అదే అడిగాను. దానికి జవాబే ఈ వ్యాసం.

అయితే ఈ విషయం మీద నాకు ఆసక్తి కలిగింది ఫ్యాక్టరీలో కాదు. ఈ హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడే.

మా అమ్మ ఎక్కిన వ్యాను

ఆ ఏడాది మిరపకాయ కోతలకు మా వాడ నుంచి ఇరవై మందికి పైగా కూలీలు ఒక పాత వ్యానులో వెళ్తుండేవారు. అందులో మా అమ్మ కూడా ఉంది. ఒకరోజు సాయంత్రం తిరిగి వస్తుంటే వెనక చక్రం మీది కమాను కట్టలో పెద్ద పట్టీ పుటుక్కున తెగింది. వ్యాను ఒక పక్కకు ఒరిగి కాలవ గట్టు మీద పడిపోయింది. దేవుడి దయవల్ల ప్రాణాలు పోలేదు. కానీ మా అమ్మ కాలు విరిగింది. మూడు నెలలు మంచంలో ఉంది. ఆ సీజను కూలి మొత్తం పోయింది.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు నాన్న నన్ను మండల కేంద్రంలోని మెకానిక్ షెడ్డుకు కూడా తీసుకెళ్లాడు. అక్కడి ముసలి మెకానిక్ తెగిన పట్టీ ముక్క నా చేతికిచ్చి చూడమన్నాడు. తెగిన ముఖంలో సగం నల్లగా, నునుపుగా ఉంది. దాని మీద చెట్టు మొద్దులో వలయాల్లాగా సన్నటి వంపు గీతలున్నాయి. మిగతా సగం తెల్లగా, గరుకుగా, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. "ఇది ఇవాళ తెగింది కాదు బాబూ. ఈ నల్లటి సగం ఎప్పటి నుంచో కొంచెం కొంచెంగా పగులుతూ వచ్చింది. ఇవాళ తెగింది ఈ తెల్ల సగమే" అన్నాడు. పగులు మొదలైన చోటు కూడా చూపించాడు. అంతకుముందు ఎవరో ఆ పట్టీకి వెల్డింగు పెట్టించారు. సరిగ్గా ఆ వెల్డింగు అంచు దగ్గరే పగులు మొదలైంది.

ఆ ముక్క చాలా రోజులు నా ట్రంకు పెట్టెలో ఉంది. ఇనుము అంత బలమైనది కదా, ఎవరికీ కనబడకుండా కొంచెం కొంచెంగా ఎలా పగులుతుంది అన్న ప్రశ్న మాత్రం పాలిటెక్నిక్ లో చేరేదాకా నాతోనే ఉంది.

లోహానికీ అలసట ఉంటుంది

బైండింగు తీగను ఒకసారి వంచితే తెగదు. అటూ ఇటూ పది పదిహేను సార్లు వంచితే తెగుతుంది. ఫిజిక్స్ లో దీన్నే "స్థితిస్థాపక అలసట" అంటారు. ఒక్కసారి మోస్తే ఏమీ కాని బరువు కూడా లక్షల సార్లు పడుతూ లేస్తూ ఉంటే లోహం అలసిపోతుంది. గతుకుల రోడ్డు మీద వెళ్లే లారీ కమాను ఒక్క రోజులోనే వేల సార్లు వంగి లేస్తుంది.

ఈ సంగతి మనిషికి తెలిసింది చాలా ప్రాణాలు పోయిన తరువాతే. 1842 మే 8న ఫ్రాన్స్ లో వెర్సాయ్ నుంచి పారిస్ కు వస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగింది. వెనక పెట్టెలు ఇంజను మీదికెక్కి మంటలు లేచాయి. పెట్టెల తలుపులకు తాళాలు వేసి ఉండటంతో యాభై మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు 1850, 60 దశకాల్లో ఇరుసుల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. బరువు ఎంత అన్నది ఒక్కటే కాదు, ఆ బరువు ఎంత మేర మారుతూ ఎన్ని సార్లు పడుతోంది అన్నది కూడా ముఖ్యమని ఆయన తేల్చాడు.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి.

మొదటిది, అలసట పగులు దాదాపు ఎప్పుడూ పైపొర మీదే మొదలవుతుంది. వస్తువు వంగినప్పుడు అందరికన్నా ఎక్కువ సాగేది పైపొరే. గీతలు, తుప్పు గుంటలు, వెల్డింగు అంచులు ఉండేది కూడా అక్కడే.

రెండోది, పగులు పెరగాలంటే దాన్ని రెండు వైపులకూ లాగే బలం కావాలి. లాగే బలం ఉంటే పగులు నోరు తెరుస్తుంది. నొక్కే బలం ఉంటే నోరు మూసుకుంటుంది. లాగే దాన్ని తన్యత ప్రతిబలం అనీ, నొక్కే దాన్ని సంపీడన ప్రతిబలం అనీ పుస్తకాల్లో రాస్తారు.

ఈ రెండూ కలిపి ఆలోచిస్తే ఒక ఉపాయం తడుతుంది. పైపొరను ముందుగానే గట్టిగా నొక్కి ఉంచగలిగితే? అప్పుడు బయటి బరువు దాన్ని లాగాలన్నా, ముందు ఆ నొక్కుడును పోగొట్టాల్సి ఉంటుంది.

బయట బరువేమీ లేకపోయినా లోహం లోపల మిగిలిపోయి ఉండే ఈ బలాన్ని "అవశేష ప్రతిబలం" అంటారు. లెక్కలో చెబుతాను. బరువు పడినప్పుడు పట్టీ పైపొరలో 600 మెగాపాస్కల్ ల లాగుడు వస్తుందనుకుందాం. ఆ పొరలో ముందే 400 మెగాపాస్కల్ ల నొక్కుడు ఉంటే, నిజంగా ఆ పొర అనుభవించే లాగుడు 600 - 400 = 200 మాత్రమే. ఉక్కు అదే, బరువూ అదే. పగులుకు దొరికే లాగుడు మాత్రం మూడో వంతుకు పడిపోయింది.

మన ఊళ్లో ఉన్నదే

ఇదేదో విదేశాల్లో పుట్టిన వింత అనుకోకండి. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం మీలో కొందరైనా చూసి ఉంటారు, లేదా మీ తాతయ్యల్ని అడగండి. పట్టాను చక్రం కన్నా కాస్త చిన్నదిగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాల్చితే అది వ్యాకోచిస్తుంది. వేడి మీదే చక్రానికి తొడిగి నీళ్లు పోస్తారు. పట్టా చల్లబడి సంకోచించి చక్రాన్ని బిగించి పట్టేస్తుంది. బండి మీద బరువు లేకపోయినా ఆ నొక్కుడు అలాగే ఉంటుంది. అందుకే చెక్క ముక్కలు ఊడిపోవు. ఇక్కడ చెక్క నొక్కుడులో ఉంది, ఇనుప పట్టా లాగుడులో ఉంది. అవశేష ప్రతిబలంలో ఎప్పుడూ ఇలాంటి జోడీ ఉంటుంది. ఒక చోట నొక్కుడు ఉంటే, దానికి సరిపడా లాగుడు ఇంకో చోట ఉండి తీరాలి.

బస్సు పక్క కిటికీల గట్టి అద్దం కూడా అంతే. కాలిన అద్దాన్ని రెండు వైపులా గాలితో గబగబా చల్లారుస్తారు. పైపొరలు నొక్కుడులో, లోపలి భాగం లాగుడులో మిగిలిపోతాయి. అందుకే మామూలు అద్దం కన్నా బలంగా ఉంటుంది. ఒకసారి పగిలిందంటే మాత్రం లోపలి బలమంతా బయటపడి చిన్న చిన్న పలుకులై రాలిపోతుంది.

అయితే ఇదే అవశేష ప్రతిబలం తప్పు చోట ఉంటే శత్రువు అవుతుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోని సైన్యం ఇత్తడి తూటాలు వానాకాలంలో తమంతట తామే పగిలిపోయేవి. ఎవరూ వాటిని కాల్చలేదు, కింద పడేయలేదు. తూటా గొట్టాన్ని సాగదీసి చేసినప్పుడు ఇత్తడిలో లాగుడు మిగిలిపోయేది. వానాకాలంలో వాటిని గుర్రపు శాలల్లో నిలవ చేసేవారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, లోపలి లాగుడు, ఈ మూడూ కలిసి ఇత్తడిని చీల్చేసేవి. కారణం అమ్మోనియా అని శాస్త్రవేత్తలు స్పష్టంగా తేల్చింది 1921లో. తూటాలను కొద్దిగా వేడి చేసి ఆ లాగుడును వదిలిస్తే సమస్య తీరింది.

గుండ్ల వాన

ఇక మా పని దగ్గరకు వద్దాం. ఉక్కు పట్టీని కొలతకు కోసి, కొలిమిలో ఎర్రగా కాల్చి, వంపు తిప్పి, నూనెలో ముంచి గట్టిపరుస్తారు. పెళుసుదనం పోవడానికి మళ్లీ మధ్యస్థంగా వేడి చేస్తారు. ఈ కాల్చడంలో పైపొరలోని కార్బన్ కొంత గాలిలో కాలిపోయి, ఎక్కువ బలం కావలసిన పైపొరే కాస్త మెత్తబడుతుంది. అందుకే ఆ తరువాత షాట్ పీనింగ్ తప్పనిసరి.

పెద్ద ఇనుప గది లోపల ఒక రెక్కల చక్రం వేగంగా తిరుగుతూ ఉక్కు గుండ్లను విసురుతుంది. కొన్ని యంత్రాల్లో గాలి ఒత్తిడితో గొట్టం నుంచి చిమ్ముతారు. గుండు సైజు సాధారణంగా ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ఆవగింజంత అనుకోండి. వేగం సెకనుకు 50 నుంచి 100 మీటర్ల దాకా ఉంటుంది. ఒక్కో గుండు తగిలిన చోట చిన్న సొట్ట పడుతుంది. సొట్టలో ఉన్న లోహం ఎక్కడికి పోతుంది? పక్కలకు జరగాలని చూస్తుంది. కానీ కింద ఉన్న లోహం దాన్ని జరగనివ్వదు.

మన స్టడీ అవర్ బెంచీ గుర్తు తెచ్చుకోండి. రెండు వైపులా గోడ ఉన్న బెంచీ మీద ఐదుగురు పట్టే చోట ఏడుగురు కూర్చుంటే ఏమవుతుంది? ఎవరూ ఒకరినొకరు కావాలని నెట్టుకోకపోయినా అందరూ నొక్కుకునే ఉంటారు. మధ్యలో సందు పడమన్నా పడదు. పీనింగ్ చేసిన పైపొర అలా ఉంటుంది. ఆ ఇరుకులో పగులు నోరు తెరవడం కష్టం.

ఈ నొక్కుడు పొర లోతు ఎంతో తెలుసా? ఉక్కులో సాధారణంగా 0.1 నుంచి 0.5 మిల్లీమీటర్లు. పది మిల్లీమీటర్ల మందం పట్టీకి పై అర మిల్లీమీటరు కూడా లేని పొర కాపలా కాస్తుందన్నమాట. దానికి సరిపడా లాగుడు లోపలి మందమంతా పరుచుకుంటుంది కాబట్టి అక్కడ అది తక్కువే ఉంటుంది. లోపల గీతలూ తుప్పూ ఉండవు కాబట్టి అంత ప్రమాదం లేదు.

ఫిట్టర్లు వాడే గుండ్రటి తల సుత్తిని "బాల్ పీన్" సుత్తి అంటారు. షాట్ పీనింగ్ లోని పీన్ కూడా ఆ మాటే. చేత్తో సుత్తి కొట్టినట్టే, యంత్రం లక్షల బుల్లి సుత్తులతో కొడుతుంది.

కనబడని దాన్ని కొలవడం ఎలా?

పీనింగ్ అయిన పట్టీని చూస్తే బూడిద రంగులో గరుకుగా ఉంటుంది. సరిగ్గా చేసినా, సగమే చేసినా చూడటానికి దాదాపు ఒకేలా ఉంటుంది. మరి తేడా ఎలా తెలుస్తుంది? అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో పని చేసిన జాన్ ఆల్మెన్ 1940ల్లో దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టాడు.

స్ప్రింగు ఉక్కుతో చేసిన 76 మి.మీ. పొడవు, 19 మి.మీ. వెడల్పు ఉన్న పలచని పట్టీని దిమ్మ మీద నాలుగు స్క్రూలతో బిగిస్తారు. అసలు సరుకుతో పాటు దాన్నీ ఒక పక్కనే కొట్టిస్తారు. స్క్రూలు విప్పగానే అది విల్లులా వంగుతుంది. కొట్టిన ముఖం పైకి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఎత్తు ఎంత ఉందో డయల్ గేజితో కొలుస్తారు. దీని పేరు ఆల్మెన్ స్ట్రిప్. పలచనివి, మధ్యస్థమైనవి, మందమైనవి అని మూడు రకాలుంటాయి. ఈనాటికీ ప్రపంచమంతటా ఇదే వాడుతున్నారు.

ఈ ప్రయోగం మీరూ చేయవచ్చు. రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం పట్టీ ఒకటి తీసుకోండి. చదునైన ఇనుప దిమ్మ మీద పెట్టి, బాల్ పీన్ సుత్తి గుండ్రటి తలతో ఒకే పక్కన, దగ్గర దగ్గరగా, మెల్లగా కొట్టండి. కాసేపటికి పట్టీ కొట్టిన వైపు ఉబ్బుతుంది. సైన్సు సారు పక్కన ఉండగానే చేయండి, కళ్లు జాగ్రత్త.

నేను చేసిన తప్పు

చేరిన కొత్తలో ఒక రాత్రి షిఫ్టులో నాకు బాగా నిద్ర వచ్చింది. గంటకోసారి స్ట్రిప్ పెట్టి కొలిచి రిజిస్టరులో రాయాలి. నేను స్ట్రిప్ పెట్టకుండా, పై వరసలో ఉన్న 0.42 అంకెనే కింద కూడా రాసేశాను. ఒక గంట కాదు, మూడు గంటలు అలాగే రాశాను.

మా లైనులో షోలాపూర్ లో స్థిరపడిన తెలుగాయన ఒకాయన సీనియర్ ఆపరేటరు. తెల్లవారుజామున వచ్చి రిజిస్టరు చూసి, "ఇన్ని గంటలు ఒక్క పాయింటు కూడా మారకుండా ఎలా వచ్చింది తమ్ముడూ?" అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయన తిట్టలేదు. స్ట్రిప్ పెట్టించి కొలిచాడు. 0.31 వచ్చింది. గుండ్లు అరిగి, విరిగి పొడి అయిపోయాయి. కొత్త గుండ్లు తగినంత పడటం లేదు. చిన్న గుండుకు బరువు తక్కువ, దెబ్బా తక్కువ. విరిగిన గుండు అంచు అయితే సొట్టకు బదులు గీత పెడుతుంది.

ఆ మూడు గంటల్లో వెళ్లిన పట్టీలన్నీ వెనక్కి తెప్పించాం. గీతలు పడినవి పక్కన పెట్టి, మిగతా వాటికి మళ్లీ పీనింగ్ చేయించాం. ఆయన ఒకటే మాట అన్నాడు: "ఇది పెయింటు కాదు, తక్కువైతే ఎవడికీ కనబడదు. రోడ్డు మీద తెగినప్పుడే కనబడుతుంది." నాకు అమ్మ వ్యాను గుర్తొచ్చింది. ఆనాడు ఆ పట్టీ తెగింది వెల్డింగు వల్లే కావచ్చు. కానీ ఆ రాత్రి నేను రాసిన మూడు అంకెలు కూడా అలాంటి పనే. అప్పటి నుంచి నేను కొలవని అంకె రిజిస్టరులో రాయలేదు.

ఇంకా ఏయే పద్ధతులున్నాయి?

రోలింగ్: ఇంజను క్రాంకు షాఫ్టులో మూలలు తిరిగే చోట గట్టి ఉక్కు రోలరుతో బలంగా నొక్కుతూ తిప్పుతారు. అక్కడే పగుళ్లు మొదలవుతాయి కాబట్టి అక్కడే నొక్కుడు పెడతారు. ఉపరితలం నునుపుగా ఉంటుంది, లోతు కూడా ఎక్కువ.

వెల్డింగు అంచుల పీనింగ్: వంతెనలు, క్రేన్ల వంటి వాటిలో వెల్డింగు అంచు వెంట సుత్తితోగానీ, వేగంగా కదిలే సూదులతోగానీ కొడతారు. వెల్డింగు చల్లారేటప్పుడు మిగిలిన లాగుడు పోయి అక్కడ నొక్కుడు వస్తుంది.

రంధ్రాల వ్యాకోచం: విమానం రేకుల్లో రివెట్ల రంధ్రాల చుట్టూ పగుళ్లు వస్తాయి. రంధ్రం కన్నా కాస్త లావుగా ఉన్న కడ్డీని అందులోంచి బలంగా లాగుతారు. చుట్టూ ఉన్న లోహం తిరిగి బిగుసుకుని నొక్కుడులోకి వస్తుంది.

లేజర్ పీనింగ్: లోహం మీద నల్లటి పూత, దానిపైన పలచని నీటి పొర ఉంచి, సెకనులో వంద కోట్లో వంతులతో కొలిచేంత కొద్ది సమయం లేజర్ కొడతారు. పూత ఆవిరై పేలుతుంది. నీరు ఆ పేలుడును లోపలికే నెడుతుంది. నొక్కుడు పొర ఒక మిల్లీమీటరు, ఆపైన లోతుకు వెళ్తుంది. 1990ల్లో అమెరికా బి-1బి బాంబర్ ఇంజను రెక్కలు గాలిలో వచ్చే రాళ్లూ రప్పల దెబ్బకు పగలకుండా ఈ పద్ధతి వాడారు. ఖర్చు ఎక్కువ కాబట్టి కమాను పట్టీలకు మాకు ఆవగింజ గుండ్లే చాలు.

మన ఊరి బండ్లకు పనికొచ్చే మాటలు

1. తెగిన కమాను పట్టీకి వెల్డింగు పెట్టించవద్దు. ఆ వేడికి గట్టిదనమూ పోతుంది, పీనింగ్ తో వచ్చిన నొక్కుడూ పోతుంది. పైగా చల్లారేటప్పుడు కొత్తగా లాగుడు వచ్చి చేరుతుంది. పట్టీ మార్చడమే దారి.

2. పట్టీ పక్కన గ్యాసు కటింగు చేయడం, దాన్ని కాల్చి వంచడం కూడా అంతే. ఉక్కు సుమారు 250 డిగ్రీలు దాటి వేడెక్కితే ఆ నొక్కుడు తగ్గిపోతూ వస్తుంది.

3. పట్టీ మీద గ్రైండరు గాట్లు, ఉలి గుర్తులు పెట్టవద్దు. పై అర మిల్లీమీటరే కాపలా అని చెప్పాను కదా, ఆ గాటు కాపలావాణ్ణి దాటిపోతుంది. తుప్పు గుంటలు కూడా అంతే.

4. పీనింగ్ మంత్రం కాదు. ముందే లోతుగా పగిలిన దాన్ని అది అతికించదు. మూడు టన్నుల బండిలో ఆరు టన్నులు వేస్తే ఏ పీనింగూ కాపాడదు. అతిగా కొట్టినా పైపొర చితికి కొత్త పగుళ్లు పుడతాయి.

చివరిగా

తమ్ముళ్లూ, పదో తరగతి తరువాత పాలిసెట్ రాసి మెకానికల్ గానీ మెటలర్జీ గానీ డిప్లొమా చేయవచ్చు. ఐటీఐలో ఫిట్టరు, మెషినిస్టు ట్రేడులున్నాయి. ఇంగ్లీషు రాదని భయపడకండి. నేను ఈ పదాలన్నీ ముందు తెలుగులో అర్థం చేసుకుని, తరువాతే ఇంగ్లీషులో నేర్చుకున్నాను. ప్రతిబలం, వికృతి అనే పాఠాన్ని మార్కుల కోసం బట్టీ పట్టకుండా ఒక్కసారి శ్రద్ధగా చదవండి. మీ ఊరి ఎడ్లబండి చక్రంలో అది కనిపిస్తుంది.

మా అమ్మ ఇప్పుడు బాగానే నడుస్తోంది. చలికాలంలో మాత్రం ఆ కాలు నొప్పి అంటుంది. మొన్న సెలవులకు వెళ్లినప్పుడు, నువ్వు ఫ్యాక్టరీలో ఏం చేస్తావురా అని అడిగింది. "కమాన్లు తెగకుండా కొడుతుంటానమ్మా" అన్నాను. "సరిగ్గా కొట్టు నాయనా, అందులో ఎవరెవరు ఎక్కుతారో" అంది.